అగ్గిపెట్టె నేనే ఇచ్చాను



ఇంతవరకు ఛందస్సును గూర్చీ, నిఘంటువులను గూర్చీ, చిన్ననాటి గురువులను గూర్చీ రాస్తూ వచ్చాను. ఈసారి ఊపిరితిత్తులను గూర్చి రాయవలసి వచ్చినది. నేను వైద్యుడను కాను. ముప్పైనాలుగేళ్ళు పిల్లలకు తెలుగు చెప్పినవాడిని. నలభైఆరేళ్ళు సిగరెట్టు కాల్చినవాడిని. ఈ రెండవ అర్హతను బట్టే ఈ రాతకు పూనుకొన్నాను.

2022 వేసవిలో మా మేనల్లుడు హైదరాబాదు నుండి ఫోను చేశాడు. "మావయ్యా, నాన్న దగ్గు తగ్గడం లేదు. పొగ తాగేవాళ్ళకి ముందుగానే ఊపిరితిత్తుల పరీక్ష చేస్తున్నారట. మీ ఇద్దరికీ డబ్బు కట్టేశాను, నువ్వు తోడుగా వెళ్ళు" అన్నాడు. వాడి తండ్రి, అంటే మా అక్కయ్య భర్త, కొల్లేటి లంక గ్రామంలో చేపల చెరువు చూసుకొనేవారు. అప్పటికి ఆయనకు అరవైతొమ్మిది, నాకు అరవైనాలుగు. ఆయనది చుట్ట, నాది సిగరెట్టు. మా పెళ్ళిళ్ళలోనూ, శుభాశుభాలలోనూ మేమిద్దరమూ పందిరి వెనుక కలుసుకొనేవాళ్ళము.

ఏలూరులో బస్సెక్కి బెజవాడ వెళ్ళాము. ఆ పరీక్షాకేంద్రం పేరు ఇక్కడ అప్రస్తుతం. ఒక అమ్మాయి కాగితం తీసుకొని ప్రశ్నలు అడిగింది: పొగ తాగుతారా? రోజుకెన్ని? ఎన్నేళ్ళుగా? మేము చెప్పాము, ఆమె రాసుకొన్నది. తరువాత ఒక్కొక్కరినీ బల్లమీద పడుకోబెట్టి, చేతులు తలపైకి పెట్టించి, ఊపిరి బిగబట్టమన్నారు. సూది లేదు, మందు లేదు. శార్దూలవృత్తంలో ఒక పద్యం చదివేంతలో అయిపోయినది. సాయంకాలానికి కాగితాలు చేతికిచ్చారు. నాకు ఏమీ లేదన్నారు. బావగారికి కుడి ఊపిరితిత్తి పైభాగాన చిన్న మచ్చ ఉన్నదనీ, పాత క్షయ తాలూకు మచ్చ కావచ్చుననీ, మూడు నెలల తరువాత మళ్ళీ తీయించుకోవాలనీ చెప్పారు. అంతే. పొద్దున అంత శ్రద్ధగా రాసుకొన్న ఆ "రోజుకెన్ని, ఎన్నేళ్ళు" అన్న లెక్క ఏమైనదో మాకు తెలియలేదు. దానిని గూర్చి ఆ రోజంతా ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు.

బయటకు వచ్చి టీకొట్టు దగ్గర నిలబడ్డాము. బావగారు రొంటిన ఉన్న చుట్ట తీశారు. ఆయన అగ్గిపెట్టె ఖాళీ అయినది. నా జేబులోది తీసి నేనే ఇచ్చాను. ఆయన తన భయానికి ఒకటి వెలిగించుకొన్నారు. నేను నా సంతోషానికి ఒకటి వెలిగించుకొన్నాను. పుల్ల ఒకటే.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకొన్న విషయమంతా ఆ పుల్లలోనే ఉన్నది. బాగున్నదని తేలినవాడికి ఆ కాగితం అనుమతిపత్రమైనది. "నలభైఅయిదేళ్ళు కాల్చినా ఏమీ కాలేదు, నా శరీరతత్త్వమే వేరు" అని స్టాఫురూము మిత్రులకు ఆ కాగితం చూపించి మరీ కాల్చాను. అనుమానం ఉన్నదని తేలినవాడికి అదే కాగితం భయమైనది. భయపడినవాడు చుట్ట మానేస్తాడని ఒడ్డున ఉన్నవారు అనుకొంటారు. భయం పుట్టినప్పుడు ఆయనకు చేతికి అందే ఓదార్పు ఏది? చుట్టే కదా! రోజుకు అయిదు కాల్చే మనిషి తొమ్మిదికి వచ్చారని అక్కయ్య చెప్పినది. మూడు నెలలు గడిచాయి, ఆరు గడిచాయి. "మళ్ళీ వెళ్తే ఏం చెప్తారో బావా" అని వాయిదా వేశారు. నేనూ గట్టిగా చెప్పలేదు. జేబులో సిగరెట్టుపెట్టె పెట్టుకొని ఏ ముఖంతో చెప్పను? 2023 చివరలో రక్తం పడితే తీసుకొని వెళ్ళారు. అప్పటికి క్యాన్సరు ముదిరిపోయినది. మరుసటి సంక్రాంతి వెళ్ళిన మాసంలో ఆయన వెళ్ళిపోయారు. ఆ మచ్చే ఈ జబ్బయినదా, ఇది వేరే పుట్టినదా అన్నది వైద్యులు తేల్చి చెప్పలేదు. నేనూ ఊహించి చెప్పను.

స్క్రీనింగు అన్న మాటకు నేను "వడపోత పరీక్ష" అని వాడుకొంటున్నాను. జబ్బు లక్షణం కనబడకముందే, జబ్బుకు అవకాశం ఎక్కువగా ఉన్నవారిని చూసి వడగట్టడం. (బావగారికి దగ్గు ఉండనే ఉన్నది కనుక నిజానికి ఆయన వెళ్ళవలసినది వడపోతకు కాదు, నేరుగా వైద్యుని దగ్గరకు. అది కూడా మాకు ఎవరూ చెప్పలేదు.) ఈ పరీక్షకు ప్రతిష్ఠ తెచ్చినది 2011లో వెలువడిన అమెరికా అధ్యయనం. 55 నుండి 74 ఏళ్ళ మధ్య వయసువారు, బాగా పొగ తాగినవారు, యాభైమూడు వేలకు పైగా అందులో పాల్గొన్నారు. సగంమందికి ఏటికొకసారి చొప్పున మూడుసార్లు తక్కువ మోతాదు సీటీ స్కాను తీశారు. తక్కినవారికి మామూలు ఛాతీ ఎక్స్‌రే తీశారు. స్కాను తీసిన వర్గంలో ఊపిరితిత్తుల క్యాన్సరు మరణాలు నూటికి ఇరవై పాళ్ళు తగ్గాయి. 2020లో నెదర్లాండ్సు, బెల్జియం దేశాల అధ్యయనం కూడా పదేళ్ళ లెక్కలో పురుషులకు నూటికి 24 పాళ్ళు తగ్గుదల చూపినది. కనుక పరీక్షే వ్యర్థమని నేను అనడం లేదు.

అయితే నన్ను నిలబెట్టి ఆలోచింపజేసినది మరొక లెక్క. ఆ అమెరికా అధ్యయనపు వివరాలనే మళ్ళీ తిరగవేసి 2016లో కొందరు పరిశోధకులు ప్రకటించారు. స్కాను లేని వర్గంలో ఏడేళ్ళుగా పొగ మానివున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు మరణాలు నూటికి ఇరవై పాళ్ళు తక్కువ. అంటే, అంత ఖరీదైన యంత్రం చేసిన మేలూ, ఖర్చులేని మానుకోవడం చేసిన మేలూ దాదాపు సమానం! పదిహేనేళ్ళుగా మానివుండి, స్కాను కూడా తీయించుకొన్నవారిలో తగ్గుదల 38 పాళ్ళు. రెండూ కలిస్తేనే పూర్తి ఫలం. ఒకటి అమ్మి రెండవదానిని గాలికి వదిలేయడం సగం పద్యం చదివి దిగిపోవడం వంటిది.

ఇతర దేశాలవారికి ఈ సంగతి తోచకపోలేదు. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా 2015లో ఈ పరీక్షకు డబ్బు చెల్లించడానికి ఒప్పుకొన్నప్పుడే, ముందుగా మనిషిని కూర్చోబెట్టి లాభనష్టాలు చెప్పాలి, పొగ మానడాన్ని గూర్చి మాట్లాడాలి అని నిబంధన పెట్టినది. ఇంగ్లండులోని యార్క్‌షైరులో స్కాను వాహనంతోపాటే పొగ మాన్పించే సలహాదారును కూడా పంపి చూశారు. పరీక్షకు వచ్చినవాడు మరొక రోజు, మరొక చోటికి వెళ్ళనక్కరలేదు; అక్కడే, అప్పుడే మాట్లాడవచ్చును. చాలామంది కాదనలేదు.

ఇవన్నీ పరదేశపు ముచ్చట్లని కొట్టిపారేసేవారు ఉంటారు. వారికొరకు మన సొంత ఇంటి సంగతి చెబుతాను. శ్రీకాకుళం జిల్లాలో, ముఖ్యంగా స్త్రీలలో, చుట్టను నిప్పు నోటిలోపలికి పెట్టి కాల్చే అలవాటు ఉన్నది, అడ్డపొగ అంటారు. దానివలన అంగుట్లో పుండ్లూ, క్యాన్సరూ వస్తాయని 1960లనుండే బొంబాయి టాటా పరిశోధన సంస్థకు చెందిన దంతవైద్యులు పల్లె పల్లె తిరిగి చూశారు. ఆ తరువాత 1970లలో మరొక అడుగు వేశారు. శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాతులోని భావనగరం, ఈ మూడు జిల్లాల పల్లెలలో పొగాకు వాడే ముప్పైఆరు వేలమందిని ఎంచుకొని, ఇంటికి వెళ్ళి నోరు చూడడం, అక్కడే కూర్చొని పొగాకు మానమని చెప్పడం, మళ్ళీ ఏడాదికి వెళ్ళి మళ్ళీ చూడడం, మళ్ళీ చెప్పడం. ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మానినవారూ తగ్గించినవారూ పెరిగారు. క్యాన్సరుకు ముందు నోటిలో వచ్చే తెల్లమచ్చలు తగ్గాయి. నోరు చూసే చెయ్యి, మాట చెప్పే నోరు ఒకే గుమ్మంలో ఉండాలన్న సూత్రాన్ని మన తెలుగు పల్లెలలోనే నిరూపించి నలభైఏళ్ళు కావస్తున్నది. మరి బెజవాడలో ఆ సాయంకాలం మాకు దక్కనిది అదే కదా!

"ఈ వయసులో మాని ఏం లాభం?" అన్నది అందరూ అడిగే ప్రశ్న. బావగారు అడిగినదీ, నేను నన్ను అడుగుకొన్నదీ అదే. దీనికి ఇంగ్లండు వైద్యులను యాభైఏళ్ళు వెంబడించి రిచర్డ్ డాల్ బృందం 2004లో ఇచ్చిన జవాబు ఉన్నది. ముప్పైలో మానినవాడికి సుమారు పదేళ్ళ ఆయుస్సు, నలభైలో తొమ్మిది, యాభైలో ఆరు, అరవైలో మూడు కలిసివస్తాయి. మూడేళ్ళు తక్కువనుకొనేవాడు మనుమరాలి పెళ్ళికి తేదీ లెక్కపెట్టుకొని చూసుకోవాలి.

ఇక్కడ కొంచెం పండితపు ముచ్చట అనుమతించండి. వ్యసనం అనే మాటకు చెడ్డ అలవాటు అన్న అర్థమే లోకంలో మిగిలినది గాని, నిఘంటువులో ఆపద, దుఃఖం అన్న అర్థాలూ ఉన్నవి. పాతవారు సప్తవ్యసనాలు లెక్కపెట్టినప్పుడు పొగాకు ఈ దేశంలో లేదు. పోర్చుగీసువారి వెంట తరువాత వచ్చినది. కనుక ఆ జాబితాలో చుట్ట లేదు. ఉన్నదేమిటో తెలుసునా? వాక్పారుష్యం, అనగా కఠినంగా మాట్లాడడం! చుట్ట తాగే ముసలివాడిని "సిగ్గులేదా ఈ వయసులో" అని కసరుకొనే కుర్రడాక్టరూ, కోడలూ శాస్త్రప్రకారం తామే ఒక వ్యసనంలో ఉన్నారన్నమాట. అరవైయేళ్ళవాడు తిట్లకు మానడు. పెరటిలోకి వెళ్ళి కాలుస్తాడు. తిట్టేవారికి తెలియకుండా ఉండడం కొరకు దగ్గును కూడా దాచుకొంటాడు, ప్రమాదమంతా అక్కడే.

నేను మానిన వైనం కూడా చెప్పాలి. 2023లో రెండవసారి పరీక్షకు వేరొక ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడ ఒక నర్సు స్టూలు లాక్కొని నా పక్కన కూర్చొని, "మాస్టారూ, పొద్దున లేచాక మొదటి సిగరెట్టు ఎంతసేపటికి వెలిగిస్తారండీ?" అని అడిగినది. రోజుకెన్ని అని అడిగినవారున్నారు గాని, ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. "పది నిమిషాలకి" అన్నాను. "అయితే మీకు ఉత్త మనోబలం చాలదండీ, మందు కూడా కావాలి" అన్నది. ఆ మాటతో నా గుండెమీద నుండి బండ దిగినట్లయినది. అంతవరకు నాకు మనోబలం లేదని, ఇన్ని నీతిపద్యాలు చెప్పి ఇదేమి బతుకని, నన్ను నేను అసహ్యించుకొనేవాడిని. ఇది నికోటిను అనే పదార్థం మెదడులో చేసే పని అనీ, మొదటి వారం కష్టంగా ఉండి, మూడు నాలుగు వారాలలో సడలుతుందనీ ఆమె చెప్పినది.

రెండు మిల్లీగ్రాముల నికోటిను గమ్ము రాసి ఇచ్చారు. దానిని బబుల్‌గమ్మువలె నమిలి పారేయరాదట. నెమ్మదిగా నమిలి, నాలుక చురుక్కుమనగానే కిళ్ళీవలె బుగ్గన పెట్టుకోవాలట. ఆ సూచన వినకుండా నేను గబగబ నమిలి ఊటంతా మింగి, ఒక పూటంతా ఎక్కిళ్ళతో బాధపడ్డాను. మా ఆవిడ "ఎవరో తలుచుకొంటున్నారండీ" అన్నది. మూడవ రోజున ఆ నర్సు ఫోను చేసినది. వారానికి ఒకసారి, నెలకు ఒకసారి చేసినది. బావగారి పెద్దకర్మ నాడు ఆయన అరుగుమీద కూర్చొని రెండు సిగరెట్లు కాల్చాను. సిగ్గుపడుతూ చెప్పాను. "రెండే కదండీ, మూడోది కాల్చలేదు కదా. ఈ రోజునుంచి మళ్ళీ లెక్క పెట్టుకోండి" అన్నది. అప్పటినుండి కాల్చలేదు. ఆ అమ్మాయి బెజవాడలో ఆ మొదటి రోజున ఉండి ఉంటే, బల్లకు అటువైపు నుండి ఇటువైపుకు స్టూలు లాక్కొని ఉంటే, అని అనుకోకుండా ఉండలేను.

మన దేశంలో ఊపిరితిత్తులకు ఇటువంటి వడపోత ప్రభుత్వ కార్యక్రమంగా లేదు. ముప్పైయేళ్ళు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయముఖం చూసే కార్యక్రమం ఉన్నది. ఊపిరితిత్తులను అందులో చేర్చకపోవడానికి కారణాలూ లేకపోలేదు. ఆ అమెరికా అధ్యయనంలోనే స్కాను వర్గంలో దాదాపు నాలుగోవంతు పరీక్షలలో ఏదో ఒక అనుమానం కనబడినది. అటువంటి నూరింటిలో తొంభైఆరు క్యాన్సరు కాలేదు. ఇక క్షయ విస్తారంగా ఉన్న మన సీమలో పాత మచ్చలెన్ని బయటపడతాయో! ప్రతి మచ్చకూ ఒక కుటుంబం మూడు నెలలు నిద్ర మానుకోవాలి. లెక్కవేసే పద్ధతిలోనూ చిక్కున్నది. రోజుకొక ఇరవై సిగరెట్ల పెట్టె చొప్పున ఇన్నేళ్ళు అని అక్కడ అర్హత కడతారు. మా లంక పొగాకు చుట్ట ఒకటి ఎన్ని సిగరెట్లకు సమానమో ఏ కాగితంలో రాశారు? బావగారి కాగితంలో ఆ అమ్మాయి "రోజుకు 5" అని రాసినది. చూసినవారు అయిదు సిగరెట్లనుకొని ఉంటారు.

కనుక అందరికీ స్కాను పెట్టమని నేను కోరడం లేదు. డబ్బు పుచ్చుకొని స్కాను చేస్తున్నచోట మాత్రం, పొగ మాన్పించే మనిషి లేకుండా ఆ పరీక్ష చేయరాదని నిబంధన ఉండాలి. స్కాను ఖరీదులో ఒక నర్సు అరగంట కాలం ఎంత? ఆ తరువాత నాలుగు ఫోనుల ఖర్చు ఎంత? బాగున్నదని చెప్పే కాగితంమీదనే "ఇది ఈనాటి మాట మాత్రమే, రేపటికి హామీ కాదు" అని తెలుగులో, పెద్ద అక్షరాలలో ఉండాలి. అనుమానం ఉన్నదని చెప్పేటప్పుడు మళ్ళీ రావలసిన తేదీతోపాటు, ఈ మూడు నెలల భయాన్ని చుట్ట లేకుండా ఎలా గడపాలో చెప్పే మనిషి పేరు కూడా ఇవ్వాలి.

పొగాకు పండించే జిల్లాలో కూర్చొని ఈ మాటలు రాస్తున్నానని నాకు తెలుసు. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వైపు వర్జీనియా పొగాకు డబ్బుతో ఇంజనీర్లయినవారు నా శిష్యులలోనే ఉన్నారు. ఆ రైతు కష్టం వేరే వ్యాసం. ఇక్కడ నా గొడవ ముసలివారి ఊపిరి గూర్చి మాత్రమే.

ప్రభుత్వం వారి ఉచిత ఫోను సేవ ఒకటి ఉన్నది: 1800 11 2356. పొగాకు మానదలచినవారితో మాట్లాడతారు. 2018 నుండి ఈ సంఖ్యను సిగరెట్టు పెట్టెలమీద అచ్చువేస్తున్నారు. నేను దానిని అయిదేళ్ళపాటు రోజూ జేబులో పెట్టుకొని తిరిగి, ఒక్కసారీ చదవలేదు. అయినా నా సంగతి నయం. చుట్టలకు పెట్టె ఏది? కట్టగా దారంతో కట్టి అమ్ముతారు. బొమ్మా లేదు, సంఖ్యా లేదు.

గత మాసం మా వట్లూరు దాపున ఒక గ్రామంలో ఆరోగ్యసిబ్బంది టార్చిలైటుతో నోళ్ళు పరీక్షిస్తున్నారని తెలిసి వెళ్ళాను. "అమ్మా, చూసినవారి చీటీమీద ఈ ఫోను సంఖ్య కూడా రాయవచ్చు కదా" అన్నాను. "దానికి గడి లేదండీ మాస్టారూ" అన్నది ఆ నర్సమ్మ. ఆమె తప్పేమీ లేదు, వందమందిని చూడాలి. నేనే బల్ల చివర కూర్చొని చీటీల వెనుక రాసి ఇచ్చాను. చాలామంది మడిచి జేబులో పెట్టుకొని వెళ్ళిపోయారు. ఒక పెద్దాయన మాత్రం నిలబడ్డాడు. చేపల చెరువుకు రాత్రి కాపలా. "రేత్రంతా గట్టుమీద దోమలకీ నిద్దరకీ చుట్టే కదండీ తోడు. అది తీసేత్తే ఏం చెయ్యమంటారు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. నా ఫోనులోనే ఆ సంఖ్యకు చేసి ఆయన చెవికి ఇచ్చాను. చెట్టుకిందకు వెళ్ళి చాలాసేపు మాట్లాడాడు. ఏం చెప్పారో నేను అడగలేదు. తిరిగి వచ్చి, రొంటినుండి ఆ రాత్రికని తెచ్చుకొన్న చుట్టలు ఆరూ తీసి, రెండు నా బల్లమీద పెట్టాడు.

"ఇయి మీకాడ ఉంచండి మాస్టారూ. శుక్రారం వచ్చి ఎన్ని కాల్చానో చెప్తాను" అన్నాడు.

ఆ శుక్రవారం వచ్చాడు, తరువాతి శుక్రవారమూ వచ్చాడు. నాలుగు, మూడు అన్నాడు. మొన్న రాలేదు. చుట్టలు రెండూ నా బల్లసొరుగులో శబ్దరత్నాకరం పక్కన ఉన్నవి. సొరుగు తీసినప్పుడల్లా మా ఆవిడ వంటింట్లోనుండే "ఏమండీ" అని పిలుస్తున్నది.